మైకు చెడిపోలేదు: ఒక డెబియన్ ల్యాప్‌టాప్ శబ్ద సమస్య, పూర్తి కేసు

ఈ కేసులోని ల్యాప్‌టాప్ మలక్‌పేటలో ఉండే ఒక తెలుగు అధ్యాపకురాలిది. ఆమెకు చూపు లేదు. డిగ్రీ విద్యార్థులకు సాయంత్రం వేళ ఆన్‌లైన్‌లో పాఠాలు చెబుతారు. ఆమె కంప్యూటర్‌లో విండోస్‌కు బదులు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది, అందులో డెబియన్ అనే రకం. దాన్ని ఓర్కా అనే స్క్రీన్ రీడర్‌తో నడుపుతారు. తెర మీద ఉన్న మాటలను ఓర్కా ఏరి పంపితే, ఈస్పీక్ ఎన్‌జీ వాటిని గొంతుగా మారుస్తుంది. ఈస్పీక్‌కు తెలుగు కూడా వచ్చు. ఆ గొంతులో జీవం తక్కువే. కానీ వేగం పెంచినా అక్షరాలు కలిసిపోవు కాబట్టి, అలవాటైన చెవికి అదే సుఖం.

ఆమె అనుమతితోనే ఈ వివరాలు రాస్తున్నాను. పేరు, కళాశాల, ల్యాప్‌టాప్ కంపెనీ మాత్రం వదిలేశాను. నేను అమీర్‌పేటలో లినక్స్ కంప్యూటర్లకు సర్వీసు చేస్తాను. శబ్దం రాని ల్యాప్‌టాప్‌లు నా బల్ల మీదకు తరచూ వస్తాయి. వాటిలో దీన్ని విడిగా రాయడానికి కారణం ఉంది. మొదటి సమస్యకు వేసిన పరిష్కారమే ఇక్కడ రెండో సమస్యను పుట్టించింది. ఆ రెండోదాన్ని చూసినవాళ్లు హార్డ్‌వేర్ పోయిందని తేల్చేశారు. పైగా చూపు లేని మనిషికి శబ్దం పోవడమంటే, మనకు మానిటర్ నల్లబడిపోవడమే. ఆ తీవ్రతతో చూడవలసిన పనిని చాలామంది పాటలు వినే సౌకర్యం పోయినట్టుగా చూస్తున్నారు. అది నాకు చాలా బాధ కలిగిస్తుంది.

ఫిర్యాదు

తమ్ముడితో కలిసి మెట్రోలో వచ్చారు. "ఓర్కా మాట్లాడుతోందండీ, నాకు వినబడుతోంది. పిల్లలకే నా మాట వినబడటం లేదు" అన్నారామె. అంటే స్పీకర్లు పనిచేస్తున్నాయి, లోపలి మైకు పనిచేయడం లేదు. అంతకుముందు ఒక దుకాణంలో చూపిస్తే మైకు చెడిపోయిందని, తెర చుట్టూ ఉన్న ఫ్రేమ్ విప్పి కెమెరాతో పాటు మైకు బోర్డు మార్చాలని, విడిభాగం తెప్పించాలని చెప్పారట. అప్పటిదాకా పాఠాలు ఆగకూడదని తమ్ముడు కోఠి గుజరాతీ గల్లీలో చిన్న యూఎస్‌బీ మైకు కొన్నాడు.

అతను సంచిలోంచి ఆ మైకు తీస్తుంటే దానితో పాటు ఫోను కేబుల్ ఒకటి బయటకు వచ్చింది. అదెందుకని అడిగాను. "దీనిలో వైఫై కూడా రాదు సార్. ఫోను నెట్‌ను కేబుల్‌తో వాడుకుంటున్నాం" అన్నాడు.

కేసుకు తాళం చెవి ఆ మాటలోనే దొరికింది. పెద్దగా వాడని ల్యాప్‌టాప్‌లో వైఫై కార్డూ, మైకూ రెండూ విడివిడిగా చెడిపోవడం అరుదు. రెండింటికీ ఉమ్మడి కారణం ఏదో ఉండాలి. లినక్స్‌లో అలాంటి ఉమ్మడి కారణం అనగానే నాకు మొదట గుర్తొచ్చేది ఫర్మ్‌వేర్ ఫైళ్లు, అంటే పరికరాల లోపలి చిప్‌లలోకి ఎక్కాల్సిన చిన్న ప్రోగ్రాములు. అందుకే శబ్దం కేసు ఏది వచ్చినా, శబ్దంతో సంబంధం లేనివాటి గురించి కూడా అడుగుతాను. వైఫై వస్తోందా, బ్లూటూత్ కనబడుతోందా, మూత వేసి తెరిచాక ఏమవుతోంది అని. వాడేవాళ్లు వాటిని వేరే సమస్యలుగా భావించి చెప్పరు.

అసలు ఏం జరిగింది

ఆమె పాత ల్యాప్‌టాప్‌లో ఏళ్ల తరబడి డెబియన్, ఓర్కా హాయిగా నడిచాయి. అది పాతబడటంతో 11వ తరం ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్ కొన్నారు. అలవాటైన ఏర్పాటే కావాలని ఆమె కోరారు. తమ్ముడు ఇంట్లో ఉన్న డెబియన్ 11 ఇన్‌స్టాలర్ పెన్‌డ్రైవ్‌తో సిస్టమ్ ఎక్కించి, ఆ తర్వాత దాన్ని 12కు అప్‌గ్రేడ్ చేశాడు. ఇన్‌స్టాల్ అవుతున్నప్పుడు కొన్ని ఫర్మ్‌వేర్ ఫైళ్లు లేవని, వేరే డ్రైవ్‌లో ఉంటే పెట్టమని అది అడిగింది. కేబుల్‌తో నెట్ వస్తోంది కదా అని అతను ముందుకు వెళ్లిపోయాడు.

సిస్టమ్ తెరుచుకున్నాక ఏ శబ్దమూ లేదు. సెట్టింగ్‌లలో డమ్మీ అవుట్‌పుట్ అన్న ఒక్క పేరే కనిపించింది. ప్రోగ్రాముల శబ్దాన్ని సౌండ్ కార్డుకు చేర్చేది సౌండ్ సర్వర్. అసలు కార్డు ఏదీ దొరకనప్పుడు అది పెట్టే ఖాళీ పరికరమే ఈ డమ్మీ. దాని వాల్యూమ్ ఎంత పెంచినా ప్రయోజనం ఉండదు. ఇంటర్నెట్‌లో వెతికితే ఒక సలహా దొరికింది. ఈటీసీ అనే సిస్టమ్ సెట్టింగ్‌ల ఫోల్డర్ కింద ఉన్న మోడ్‌ప్రోబ్ డాట్ డీ ఫోల్డర్‌లో ఒక ఫైలు పెట్టి, అందులో ఇంటెల్ డీఎస్‌పీ డ్రైవర్ విలువ 1 అని ఒక వరుస రాయమన్నారు. రాశాడు, రీస్టార్ట్ చేశాడు, ఓర్కా మాట్లాడింది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మైకు లేదన్న సంగతి మొదటి పాఠం రోజున గానీ తెలియలేదు.

ఆ వరుస ఏం చేస్తుందో తెలియాలంటే లోపలి దారి తెలియాలి. ఇంటెల్ 2004లో తెచ్చిన హెచ్‌డీ ఆడియో పద్ధతిలో రెండు భాగాలు ఉంటాయి: చిప్‌సెట్‌లో కంట్రోలర్, బోర్డు మీద కోడెక్ అనే చిప్. స్పీకర్లు, ఇయర్‌ఫోన్ రంధ్రం, పాత తరహా అనలాగ్ మైకు అన్నీ కోడెక్‌కే తగులుకుని ఉంటాయి. లినక్స్‌లో దీని డ్రైవర్, అంటే దీన్ని నడిపే ప్రోగ్రాం, బాగా పండిపోయింది, సాధారణంగా బయటి ఫైలు ఏదీ అడగదు. ఆమె పాత ల్యాప్‌టాప్ ఇలాంటిదే.

కొత్త తరం ల్యాప్‌టాప్‌లలో చిప్‌సెట్ లోపలే శబ్దం కోసం ప్రత్యేకమైన చిన్న ప్రాసెసర్ ఉంటుంది. దాన్నే డీఎస్‌పీ అంటారు. చాలా మోడళ్లలో తెర పైఅంచున, కెమెరా పక్కన ఉండే డిజిటల్ మైకుల తీగలు కోడెక్ దాకా పోవు, నేరుగా ఈ డీఎస్‌పీకే చేరతాయి. కంప్యూటర్ తెరిచిన ప్రతిసారీ డీఎస్‌పీలోకి ఫర్మ్‌వేర్ ఎక్కాలి. అదే సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్, ఎస్‌ఓఎఫ్. ఇంటెల్ 2018లో ఈ ప్రాజెక్టును బయటపెట్టింది. సోర్స్ అందరికీ అందుబాటులో ఉన్నా, మార్కెట్లో అమ్మే చాలా ల్యాప్‌టాప్‌లలోని డీఎస్‌పీ ఇంటెల్ సంతకం ఉన్న ఫైలును మాత్రమే ఒప్పుకుంటుంది. ఆ సోర్స్ నుంచి మనమే తయారుచేసుకున్నది ఎక్కదు. అందుకే డెబియన్ ఆ సంతకం చేసిన ఫైలును తన ప్రధాన విభాగంలో కాకుండా విడిగా ఉంచుతుంది.

లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ మొదట, కంప్యూటర్ తెరవగానే నడిచే బయాస్ ఇచ్చే పట్టికను చూస్తుంది. అందులో డిజిటల్ మైకులు ఉన్నాయని రాసి ఉంటే ఎస్‌ఓఎఫ్ డ్రైవర్‌ను ఎంచుకుంటుంది, లేకపోతే పాత హెచ్‌డీ డ్రైవర్‌ను. ఈ ల్యాప్‌టాప్‌లో మైకులు ఉన్నాయి కాబట్టి ఎస్‌ఓఎఫ్‌ను ఎంచుకుంది. ఫర్మ్‌వేర్ ఫైలు దొరకలేదు. దాంతో కార్డు మొత్తం నిలబడలేదు. కోడెక్‌కు తగులుకున్న స్పీకర్లు కూడా దానితోనే మునిగిపోయాయి. ఇంటర్నెట్ సలహాలోని విలువ 1 పాత డ్రైవర్‌నే వాడమని కెర్నెల్‌ను బలవంతపెడుతుంది. పాత డ్రైవర్‌కు కోడెక్ మాత్రమే తెలుసు. స్పీకర్లు తిరిగి వచ్చాయి గానీ, డిజిటల్ మైకులు ఉన్నాయన్న సంగతే సిస్టమ్‌కు తెలియకుండా పోయింది.

ఆ సలహా అబద్ధం కాదు. మైకు కోడెక్‌కే ఉన్న ల్యాప్‌టాప్‌లలో అది పూర్తిగా పనిచేస్తుంది, అందుకే అది అంతగా వ్యాపించింది. ఏ యంత్రానికి చెప్పిన సలహాను ఏ యంత్రానికి వాడుతున్నామన్నదే చూడాలి.

ఒక్క స్క్రూ కూడా తీయకుండా

ముందు హార్డ్‌వేర్ సంగతి తేల్చాను. లినక్స్‌లోనే మరో రకమైన ఉబుంటు ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టి, డిస్క్ ముట్టుకోకుండా లైవ్‌గా తెరిచాను. ఉబుంటు ఈ ఫర్మ్‌వేర్‌ను వెంట తెచ్చుకుంటుంది. ఆల్ట్, సూపర్ (విండోస్ గుర్తు ఉండే మీట), ఎస్ మీటలు కలిపి నొక్కగానే ఓర్కా మాట్లాడింది. మిగతాది ఆమే చేశారు. సౌండ్ సెట్టింగ్‌లు తెరిచి, లోపలి మైకును ఎంచుకుని, ఒక పద్యం చదివి రికార్డ్ చేసి వినిపించారు. గొంతు స్పష్టంగా ఉంది. వైఫై జాబితాలో చుట్టుపక్కల పేర్లన్నీ కనిపించాయి.

"అయితే ఏమీ మార్చనక్కర్లేదా?" అని అడిగారు.

"లేదు మేడం. మీ మైకు ఎప్పుడూ చెడిపోలేదు."

ఈ పరీక్షకు రూపాయి ఖర్చు లేదు, టీ తాగేంత సమయం చాలు. ఇది చేయకుండా మైకు పోయిందని, బోర్డు పోయిందని చెప్పడం తప్పు. ఈ మాట నేను గట్టిగానే చెబుతాను. శబ్దం పోతే, చూపు లేని మనిషి తెర మీద ఏముందో తనంతట తాను సరిచూసుకోలేరు, మనం చెప్పిందే నమ్మాలి. అలాంటప్పుడు మన బాధ్యత మరింత పెరుగుతుంది.

తర్వాత ఆమె సిస్టమ్‌లోకి వెళ్లాను. కెర్నెల్ ఏం చేసిందో నమోదయ్యే చిట్టాలో, ఇప్పటిదానిలో, ఎస్‌ఓఎఫ్ గురించి ఏ ఫిర్యాదూ లేదు. పాత డ్రైవర్‌ను బలవంతంగా పెట్టాక అది ఎందుకు ఫిర్యాదు చేస్తుంది? కానీ డెబియన్‌లో సిస్టమ్‌డీ జర్నల్ అనే నమోదు ఏర్పాటు, కంప్యూటర్ గతంలో తెరిచినప్పటి చిట్టాలను కూడా దాచి ఉంచుతుంది. ఇన్‌స్టాల్ చేసిన తొలి రోజుల చిట్టా తీస్తే అంతా అక్కడే ఉంది. ఎస్‌ఓఎఫ్ హైఫన్ టీజీఎల్ డాట్ ఆర్‌ఐ అనే ఫైలు ఎక్కలేదు, ఎర్రర్ మైనస్ 2. లినక్స్ లెక్కలో మైనస్ 2 అంటే ఆ ఫైలే లేదని. టీజీఎల్ అంటే టైగర్ లేక్, అంటే ఈ 11వ తరం ప్రాసెసర్. వైఫై డ్రైవర్ వరుసల్లోనూ అదే మైనస్ 2. ఇలాంటి కేసుల్లో ఇప్పటి చిట్టా చూసి ఆగిపోకూడదు, ఎవరూ చేయి పెట్టక ముందటి చిట్టా చూడాలి.

ఫైలు ఎందుకు లేదన్నది ప్యాకేజీల జాబితాలో తేలింది. డెబియన్ 11 అధికారిక ఇన్‌స్టాలర్‌లో ఇలాంటి ఫర్మ్‌వేర్ ఉండేది కాదు. డెబియన్ సభ్యులు 2022లో ఓటింగ్ పెట్టుకుని, ఇకపై అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే ఫర్మ్‌వేర్ ఇవ్వాలని నిర్ణయించారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో నాన్‌ఫ్రీ ఫర్మ్‌వేర్ అనే కొత్త విభాగం ఏర్పడింది. 12ను కొత్తగా ఎక్కించేవాళ్లకు ఇది దానంతట అదే అందుతుంది. 11 నుంచి అప్‌గ్రేడ్ అయినవాళ్లు మాత్రం, సాఫ్ట్‌వేర్‌ను ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో చెప్పే సోర్సెస్ జాబితాలో ఆ విభాగం పేరు తామే చేర్చుకోవాలి. ఇక్కడ జాబితాలో మెయిన్ అనే ప్రధాన విభాగం తప్ప ఇంకేమీ లేదు.

మార్పులు చేసిన వరుస

ఈ మార్పుల్లో ఏది ముందు, ఏది వెనక అన్నది చాలా ముఖ్యం. మోడ్‌ప్రోబ్ ఫైలులోని వరుసను ముందే తీసేసి, ఫర్మ్‌వేర్ ఎక్కడంలో ఏదైనా అడ్డంకి వస్తే, ఉన్న స్పీకర్లు కూడా మూగబోతాయి. ఆమె తన కంప్యూటర్ నుంచి పూర్తిగా తెగిపోతారు. అందుకే మొదట దుకాణంలో ఉన్న యూఎస్‌బీ హెడ్‌సెట్ తగిలించి ఓర్కా గొంతును దానిలోకి మళ్లించాను. యూఎస్‌బీ శబ్ద పరికరాల దారి వేరు. వాటి డ్రైవర్ వేరు, వాటికి ఈ ఎస్‌ఓఎఫ్‌తో పనిలేదు. లోపలి కార్డు ఏమైనా అవి పలుకుతాయి.

ఆ తర్వాత సోర్సెస్ జాబితాలో నాన్‌ఫ్రీ ఫర్మ్‌వేర్ చేర్చి, ఫర్మ్‌వేర్-ఎస్‌ఓఎఫ్-సైన్డ్, ఫర్మ్‌వేర్-ఐడబ్ల్యూఎల్‌వైఫై ప్యాకేజీలు ఎక్కించాను. ఫైలు ఉండాల్సిన చోట ఉందో లేదో కళ్లతో చూశాకే మోడ్‌ప్రోబ్ వరుస తీసేశాను. సిస్టమ్ తెరుచుకునేటప్పుడు మొదట వాడే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైలును మళ్లీ తయారుచేయించాను, లేకపోతే పాత సెట్టింగ్ కాపీ అందులో మిగిలిపోవచ్చు. రీస్టార్ట్ కాకుండా పూర్తిగా ఆపి తెరిచాను. కోడెక్, డీఎస్‌పీ పాత స్థితిని పట్టుకుని ఉండకుండా చూడటానికి అదే మేలు.

కెర్నెల్ చిట్టాలో ఫర్మ్‌వేర్ వెర్షన్ పడింది. దానితో పాటు టోపాలజీ ఫైలు కూడా ఎక్కింది. ఏ మైకు ఎక్కడుంది, ఎన్ని ఛానళ్లు అన్న పటం ఆ ఫైలులో ఉంటుంది. ఏరికార్డ్ అనే రికార్డింగ్ ఆదేశం చూపే జాబితాలో డీమైక్ పేరుతో డిజిటల్ మైకు కనిపించింది. శబ్ద స్థాయిలు మార్చే ఆల్సామిక్సర్‌లో దాని స్థాయి తక్కువగా ఉంటే కొంచెం పెంచాను. మరీ పెంచితే సీలింగ్ ఫ్యాను హోరు పాఠంలోకి వస్తుంది. వైఫై కూడా పలికింది. ఫోను కేబుల్ మళ్లీ సంచిలోకి వెళ్లింది.

చాలా సర్వీసు పనులు ఇక్కడితో ముగుస్తాయి. ఈ పని ఇక్కడ ముగిసి ఉంటే సగమే అయ్యేది.

మింగేసిన మొదటి అక్షరం

ఆమెను అరగంట సేపు తన మామూలు పనులు చేసుకోమని కోరాను. మెయిల్ చదివారు, పాఠం ఫైలు తెరిచారు. మధ్యలో ఆగి, "మాట మొదట్లో అక్షరం మింగేస్తోందండీ. పాత ల్యాప్‌టాప్‌లో ఇలా లేదు. కొత్తవాటి తీరే ఇంతేమోనని ఊరుకున్నాను" అన్నారు. చెవి పెట్టి విన్నాను. కాసేపు నిశ్శబ్దం తర్వాత వచ్చే మాటకు తల తెగుతోంది. "కలము" అన్నది "లము"గా వినిపిస్తోంది. బాణం మీటతో ఒక్కొక్క అక్షరం చదివించుకుంటే కొన్ని అక్షరాలు పూర్తిగా మాయమవుతున్నాయి. తెలుగు పాఠాలు దిద్దే మనిషికి ఇది ఎంత నరకమో ఆలోచించండి. పాట వినేవాళ్లు దీన్ని ఎన్నడూ గమనించరు.

కారణం విద్యుత్ పొదుపు. డెబియన్ 12లోని గ్నోమ్ అనే డెస్క్‌టాప్‌లో సౌండ్ సర్వర్ పైప్‌వైర్, దాన్ని నడిపించేది వైర్‌ప్లంబర్. 5 సెకన్లు శబ్దం లేకపోతే వైర్‌ప్లంబర్ పరికరాన్ని నిద్రపుచ్చుతుంది. మళ్లీ లేచేలోగా మొదటి ధ్వని జారిపోతుంది. ఆ గడువును 0 చేస్తే నిద్రపుచ్చడం ఆగుతుంది. బ్యాటరీ కాస్త ఎక్కువ ఖర్చవుతుంది. స్క్రీన్ రీడర్ వాడేవారికి ఈ బేరం ఎప్పుడూ లాభమే. నన్నడిగితే ఓర్కాను ఆన్ చేయగానే సిస్టమే ఈ గడువును తీసేయాలి.

ఈ సెట్టింగ్‌ను ఆమె హోమ్ ఫోల్డర్‌లో కాకుండా ఈటీసీ కింద పెట్టాను. దానికి కారణం లాగిన్ తెర. ఓర్కా లాగిన్ అయ్యాక మాట్లాడుతుంది గానీ, పాస్‌వర్డ్ అడిగే తెర దగ్గర మౌనంగా ఉండేది. అందుకని తమ్ముడు పాస్‌వర్డ్ అడగకుండా నేరుగా తెరుచుకునేలా పెట్టేశాడు. విద్యార్థుల మార్కులు, ఆమె బ్యాంకు వ్యవహారాలు అన్నీ మూత తీసిన ఎవరికైనా దొరికే స్థితిలో ఉన్నాయి. ఇక్కడ చెడిపోయినదేమీ లేదు. లాగిన్ తెరను నడిపేది వేరే యూజర్. ఆ యూజర్‌కు తనదైన సౌండ్ సర్వర్, తనదైన సెట్టింగ్‌లు ఉంటాయి. ఆమె ఖాతాలో ఓర్కాను ఆన్ చేస్తే ఆ యూజర్‌కు తెలియదు. డెబియన్‌లో లాగిన్ తెరకు చెందిన జీడీఎమ్3 ఫోల్డర్‌లో ఉండే గ్రీటర్ సెట్టింగ్‌ల ఫైలులో స్క్రీన్ రీడర్‌ను ఆన్ చేశాను. ఈటీసీ కింద పెట్టిన నిద్ర గడువు దానికీ వర్తించింది. ల్యాప్‌టాప్ ఆపి తెరిచాక ఓర్కా పాస్‌వర్డ్ అడిగింది. ఆమె తానే టైప్ చేశారు. ఆటోమేటిక్ లాగిన్ తీసేశాం.

పాఠం చెప్పి చూడటం

చివరి పరీక్షగా, తీరికగా ఉన్న ఒక విద్యార్థినికి ఆమె నా దుకాణం నుంచే కాల్ చేశారు. మాట బాగా వినబడుతోందని, దానితో పాటు ఓర్కా మాటలు కూడా వస్తున్నాయని ఆ అమ్మాయి చెప్పింది. స్పీకర్ల నుంచి వచ్చే ఓర్కా గొంతు మైకులోకి పోతోంది. దీనికి ఇయర్‌ఫోన్ తప్పదు. బ్లూటూత్‌ది కొనాలా అని తమ్ముడు అడిగితే వద్దన్నాను. మైకు వాడగానే బ్లూటూత్ హెడ్‌సెట్ ఫోను కాల్ పద్ధతికి మారుతుంది, శబ్దం నాణ్యత పడిపోతుంది. పైగా మీట నొక్కడానికీ ఓర్కా పలకడానికీ మధ్య ఆలస్యం చేరుతుంది. తీగ ఉన్న మామూలు ఇయర్‌ఫోన్ చాలు.

అది తగిలించగానే విద్యార్థినికి ఆమె మాట వినబడటం ఆగిపోయింది. ఆ ఇయర్‌ఫోన్‌లో మైకు లేదు. కానీ రంధ్రంలో ఏదో దిగింది కాబట్టి హెడ్‌సెట్ మైకు వచ్చిందనుకుని సిస్టమ్ దానికి మారిపోయింది. సెట్టింగ్‌లలో ఇన్‌పుట్‌గా డిజిటల్ మైకునే మళ్లీ ఎంచుకున్నాం. మనం స్వయంగా ఎంచుకున్నదాన్ని వైర్‌ప్లంబర్ గుర్తుపెట్టుకుంటుంది. ఇయర్‌ఫోన్ తీసి, మళ్లీ పెట్టి, రీస్టార్ట్ చేసి చూశాం, నిలిచింది.

చేసిన మార్పులన్నీ ఒక టెక్స్ట్ ఫైలులో రాసి ఆమె డెస్క్‌టాప్ మీద పెట్టాను. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13కు మారినప్పుడు తమ్ముడు చూసుకోవలసినవి అందులో ఉన్నాయి. డెబియన్ 12లోని వైర్‌ప్లంబర్ సెట్టింగ్ లువా అనే ప్రోగ్రామింగ్ భాషలో ఉంటుంది. 13లో ఉన్న 0.5 వెర్షన్ లువా సెట్టింగ్‌లను చదవదు, కాబట్టి నిద్ర గడువును కొత్త రూపంలో మళ్లీ రాయాలి. సోర్సెస్ జాబితాలో నాన్‌ఫ్రీ ఫర్మ్‌వేర్ ఉందో లేదో చూడాలి. డీఎస్‌పీ డ్రైవర్ వరుసను మళ్లీ పెట్టకూడదు.

ఆమె ఆ ఫైలును ఓర్కాతో చదివించుకుని, ఓర్కా మూగబోతే తాను ఒంటరిగా ఏం చేయాలో మొదటి వరుసలోనే రాయమన్నారు. రాశాను: యూఎస్‌బీ హెడ్‌సెట్ తగిలించండి, ఆల్ట్, సూపర్, ఎస్ నొక్కండి, అప్పటికీ మాట రాకపోతే ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో తెరవండి. హెడ్‌సెట్, పెన్‌డ్రైవ్ రెండూ ల్యాప్‌టాప్ సంచిలో పెట్టి ఇచ్చాను. పెన్‌డ్రైవ్ నుంచి తెరవడానికి ఈ మోడల్‌లో ఏ మీట ఎప్పుడు నొక్కాలో ఆమె నా ముందే చేసి చూశారు.